స్టార్ట్ కాని లోడరును మూలన పడేయకండి, సేఫ్టీ స్విచ్చును డైరెక్ట్ చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

మునిసిపల్ వాహనాల షెడ్ల వెనుక గడ్డి మొలిచిన యంత్రాల ఫొటోలు, వాటి కింద లక్షలు పోసి కొన్నవి మూలన పడ్డాయన్న వార్తలు మన పత్రికల్లో తరచుగా చూస్తుంటాం. అలాంటి వార్తలు రావడం అవసరమే. అయితే ఆ యంత్రం ఎందుకు మూలన పడిందన్న ప్రశ్నకు 'మరమ్మతుకు వచ్చింది' అన్న ఒక్క మాటతో అధికారులూ సరిపెడుతున్నారు, మనమూ సరిపెట్టుకుంటున్నాం. ఎర్త్‌మూవర్ల, అంటే మట్టి తవ్వి ఎత్తే యంత్రాల, మరమ్మతు పనిలో ఉన్నవాడిగా, ముఖ్యంగా స్కిడ్ స్టీర్ లోడర్ల గురించి, అంటే ఏ కంపెనీదైనా మన దగ్గర బాబ్‌క్యాట్ అనే పిలిచే ఆ చిన్న లోడర్ల గురించి, కొన్ని విషయాలు మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. ఇంజిను పోయిందంటూ ట్రైలరు ఎక్కించి మా షెడ్డుకు తెచ్చే లోడర్లలో చాలావాటికి ఇంజిను నిక్షేపంగా ఉంటుంది. పోయింది ఒక ఫ్యూజో, వదులైంది ఒక ఎర్త్ వైరో, మట్టి చేరింది సీటు కింది స్విచ్చులోనో అయి ఉంటుంది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు కంటే ట్రైలరు కిరాయే ఎక్కువ. ఇది ఒక ఎత్తు. ఆ చిన్న లోపాన్ని వెతకకుండా యంత్రాన్ని ఎలాగోలా నడిపించేయాలని సేఫ్టీ స్విచ్చులను 'డైరెక్ట్' చేసేయడం, అంటే స్విచ్చును తప్పించి వైర్లను నేరుగా కలిపేయడం, ఇంకొక ఎత్తు, అది మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది. వరుసగా వెతికే అలవాటు లేకపోవడం వల్లనే డైరెక్ట్ చేసే అలవాటు పెరుగుతోందన్నది నా గట్టి నమ్మకం.

ఈ యంత్రం పుట్టింది అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో. కెల్లర్ సోదరులు 1957లో ఒక టర్కీ కోళ్ల రైతు కోరిక మీద, షెడ్డులో స్తంభాల మధ్య తిరుగుతూ పెంట ఎత్తే మూడు చక్రాల లోడరును తయారుచేశారు. తర్వాత మెల్రో కంపెనీ దాన్ని తీసుకుని 1960లో నాలుగు చక్రాలతో తెచ్చింది, 1962 నుంచి బాబ్‌క్యాట్ అన్న పేరు పెట్టింది. ఇరుకు చోట ఉన్నచోటే గిర్రున తిరిగే గుణం దీనికి ఆనాడే వచ్చింది. ఇవాళ మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లోనూ, రైస్ మిల్లుల్లోనూ, పట్టణాల సందుల్లో మట్టీ చెత్తా ఎత్తే చోటా, కాకినాడ, విశాఖ వంటి రేవుల్లోనూ ఇది పనిచేసేది ఆ గుణం వల్లనే. రేవుల్లో దీన్ని క్రేనుతో ఓడ అడుగు గదిలోకి దించి మూలల్లో మిగిలిన సరుకును మధ్యకు తోయిస్తారు. అక్కడ కీ తిప్పితే స్టార్ట్ కాకపోతే ఎంత పని ఆగిపోతుందో, పైనుంచి ఎన్ని కేకలు వినబడతాయో ఆ పని చేసేవారికి తెలుసు. అలాంటి ఒత్తిడిలోనే మనిషి తప్పుడు దారి పడతాడు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పాత ట్రాక్టరును తోసో, వాలులో వదిలో, గేరు వేసి స్టార్ట్ చేసినట్లు ఈ లోడరును చేయలేము. దీని చక్రాలు తిరిగేది గేరుబాక్సుతో కాదు, ఇంజిను తిప్పే హైడ్రాలిక్ పంపులు పంపే ఆయిలుతో. చక్రాలను ఎంత లాగినా ఇంజిను తిరగదు. పైగా గొలుసు కట్టి జేసీబీతో ఈడ్చితే పంపులకూ మోటార్లకూ దెబ్బ తగులుతుంది. అప్పటిదాకా రెండు వందల రూపాయలతో పోయేది లక్షల్లోకి పోతుంది. కాబట్టి స్టార్ట్ కాని లోడరు దగ్గర మొదట చేయవలసింది ఏమీ లాగకుండా, ఏమీ విప్పకుండా సీటులో కూర్చుని కీ తిప్పి చెవులు రిక్కించి వినడం.

కీ తిప్పినప్పుడు సెల్ఫ్, అంటే ఇంజినును మొదట తిప్పే మోటారు, అసలు పలకడం లేదా? టకటకమని కొట్టుకుని ఆగిపోతోందా? లేక సెల్ఫ్ బాగానే తిరుగుతూ ఇంజిను మాత్రం అందుకోవడం లేదా? ఈ మూడింటి దారులు వేరు. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోకుండా బ్యాటరీ మార్చడం, అది కాకపోతే సెల్ఫ్ మోటారు విప్పడం, అదీ కాకపోతే డీజిల్ పంపు విప్పడం మన దగ్గర మామూలైపోయింది. ఫోను చేసి 'బండి స్టార్ట్ అవ్వట్లేదు' అని చెప్పే ఆపరేటరును నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది దానికి వెంటనే జవాబు చెప్పలేరు, ఎందుకంటే అది గమనించాలని వారికి ఎవరూ చెప్పలేదు.

సెల్ఫ్ అసలు పలకని సందర్భంలో తప్పు చాలాసార్లు యంత్రంలో ఉండదు, కూర్చున్న తీరులో ఉంటుంది. కొన్ని కంపెనీల లోడర్లు సీటులో మనిషి లేకపోయినా, ఒడి మీదికి దించే సీట్ బార్ పైకి ఉన్నా, బెల్టు పెట్టుకోకపోయినా సెల్ఫ్‌కు కరెంటు వెళ్లనివ్వవు. మరికొన్నింటిలో ఇంజిను స్టార్ట్ అవుతుంది కానీ బార్ దించేదాకా బకెట్‌ను ఎత్తే లిఫ్ట్ చేతులు లేవవు, చక్రాలు కదలవు. మన యంత్రం ఏ రకమో దాని పుస్తకంలో ఉంటుంది. డ్రైవింగ్ లీవర్లు నడిమధ్యకు రాకుండా కొద్దిగా పక్కకు ఒరిగి ఉన్నా కొన్ని మోడళ్లు కదలవు. ముందు తగిలించే కాంక్రీటు బ్రేకరుకో ఊడ్చే స్వీపరుకో ఆయిల్ పంపే లీవరు లాక్ అయి ఉంటే సెల్ఫ్ మీద అదనపు భారం పడి ఇంజిను బరువుగా తిరుగుతుంది, కొన్నింట్లో అసలే తిరగదు. ముందురోజు సాయంత్రం బ్రేకరు పనిచేసి అలాగే దిగిపోయిన యంత్రం మరునాడు ఉదయం మొరాయిస్తే మొదట అనుమానించాల్సింది ఈ లీవరునే. సీటు కింది స్విచ్చు సంగతి సరేసరి. సిమెంటు, ఊక, కోళ్ల పెంట మధ్య పనిచేసే బండిలో ఆ స్విచ్చు చుట్టూ చేరిన ధూళి తడిసి గట్టిపడి, మనిషి కూర్చున్నా స్విచ్చు నొక్కుకోకుండా చేస్తుంది. సీటు ఎత్తి గాలి కొట్టి శుభ్రం చేస్తే యంత్రం బతికిన సందర్భాలు మా షెడ్డులో లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇక బ్యాటరీ. దీని మీద చెప్పేది కాస్త ఎక్కువగానే ఉంది, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగుందని ఆపరేటర్లు అంటారు. లైటుకు కావలసింది కొద్దిపాటి కరెంటు, సెల్ఫ్‌కు కావలసింది వందల ఆంపియర్లు. పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజిను ఆగి కొంతసేపయ్యాక మల్టీమీటరులో 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12 వోల్టులే చూపుతుంటే అది దాదాపు ఖాళీ అయినట్లే. అయితే ఈ కొలత ఒక్కటీ చాలదు. సెల్ఫ్ కొడుతుండగా కూడా బ్యాటరీ గుబ్బల మీద మీటరు పెట్టి చూడాలి. అప్పుడు 9.6 వోల్టుల కంటే దిగితే బ్యాటరీ బలహీనంగానైనా ఉండాలి, సెల్ఫ్ మోటారు అతిగానైనా లాగుతుండాలి. అప్పుడూ 12 దగ్గరే నిలబడి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే తప్పు బ్యాటరీది కాదు, కరెంటు దారిలో ఎక్కడో తెగిందన్నమాట. పది రూపాయలు ఖర్చు లేకుండా రెండు నిమిషాల్లో తేలే ఈ విషయాన్ని చూడకుండా కొత్త బ్యాటరీ కొనేసి, అది కూడా పనిచేయకపోతే షాపువాడిని తిట్టేవారు ఎందరో. మన వేసవిలో, అందులోనూ రెంటచింతల, రామగుండం వంటి చోట్ల, నీళ్లు పోసుకునే రకం బ్యాటరీల్లో నీరు త్వరగా ఆవిరైపోతుందన్న సంగతి అందరికీ తెలిసినదే, కానీ మూత తీసి చూసేవారు తక్కువ. ఇంజిను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద దాదాపు 14 వోల్టులు రాకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరునో, దాని బెల్టునో చూడాలి. లేకపోతే ఎన్ని బ్యాటరీలు మార్చినా అవన్నీ డౌన్ అవుతూనే ఉంటాయి.

నా అనుభవంలో ఎక్కువమందిని మోసం చేసేది ఎర్త్ కేబులు. బ్యాటరీ మైనస్ నుంచి బయలుదేరిన లావుపాటి నల్ల కేబులు వెనక తలుపు లోపల, అడుగున, బురద నీళ్లు చేరే చోట ఛాసిస్‌కు బోల్టుతో బిగించి ఉంటుంది. పైనుంచి చూస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది. విప్పి చూస్తే లగ్గుకూ, అంటే కేబులు కొసన బోల్టు పట్టే బిళ్లకూ, ఇనుముకూ మధ్య పెయింటు, తుప్పు, సన్నటి మట్టి పొర. ఒక్కోసారి లగ్గు దగ్గర రబ్బరు తొడుగును వేలితో నొక్కితే లోపల రాగి తీగలు పచ్చటి చిలుము పట్టి పొడిగా నలుగుతాయి. కేబులు చూడటానికి కొత్తదానిలా ఉంటుంది, లోపల మాత్రం నాలుగు పోగులు మిగిలి ఉంటాయి. ఆ నాలుగు పోగుల మీదుగా డాష్‌బోర్డు దీపాలు చక్కగా వెలుగుతాయి, కీ తిప్పగానే అన్నీ ఆరిపోతాయి. యూరియా దించే రేవుల్లోనూ, అమోనియా వాసన వదలని కోళ్ల షెడ్లలోనూ, ఉప్పుగాలి తగిలే తీరంలోనూ రాగిని చిలుము ఇలా తొందరగా తినేస్తుంది. దీన్ని పట్టుకునే పద్ధతి తేలిక. మీటరు ఒక తీగను బ్యాటరీ మైనస్ గుబ్బకు, రెండో తీగను ఇంజిను బ్లాకు మీద పెయింటు లేని చోట ఆనించి, ఇంకొకరిని సీటులో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో కరెంటు ఇరుక్కుపోతోందని అర్థం. గీరి, శుభ్రం చేసి, బిగించి, పైన గ్రీజు పూస్తే ఏళ్లతరబడి ఉంటుంది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్ అన్న నియమం పాటించాలి, లేకపోతే స్పానరు ఛాసిస్‌కు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జవుతున్న బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు ఆ ఒక్క రవ్వ చాలు.

వేరే బండి బ్యాటరీ నుంచి కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఇదే కారణం చేత చివరి మైనస్ క్లిప్పును డౌన్ అయిన బ్యాటరీ గుబ్బకు కాకుండా, దూరంగా ఇంజిను మీదనో ఛాసిస్ మీదనో పెట్టాలి. ఫ్యూజులు, రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చుల) సంగతి పొడిగించను. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియరుది వేయాలి తప్ప రాగి తీగ చుట్టరాదు. ఆ ఫ్యూజు మళ్లీ కాలితే వైరు ఎక్కడో రాసుకుంటోందన్నమాట. రైస్ మిల్లుల్లో అయితే ఎలుకలు కొరికాయేమో ముందు చూడాలి, ముఖ్యంగా కొన్నాళ్లు ఆపి ఉంచిన బండిలో.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఈ వరుస తెలియని చోట, లేదా తెలిసినా ఆగే ఓపిక యజమానికి లేని చోట, రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి, స్క్రూడ్రైవరో స్పానరో పెట్టి సెల్ఫ్ మోటారు రెండు టెర్మినళ్లను కలిపేసి స్టార్ట్ చేయడం. రెండు, సీట్ బార్ స్విచ్చు, సీటు స్విచ్చు వైర్లను కోసి, ఒకదానికొకటి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేయడం. మొదటి దానిలో మనిషి క్యాబిన్‌లో ఉండడు, యంత్రం వెనక ఉంటాడు. లీవరు కొద్దిగా ఒరిగి ఉన్నా, చేతులనూ చక్రాలనూ కదలనివ్వని హైడ్రాలిక్ లాక్ వదిలి ఉన్నా, ఇంజిను అందుకోగానే యంత్రం అతని మీదికి రావచ్చు. ఆపేందుకు లోపల ఎవరూ ఉండరు. రెండోది ఇంకా ఘోరం, ఎందుకంటే దాని ప్రమాదం ఆ రోజుతో ముగియదు. టేపు చుట్టినవాడు వెళ్లిపోతాడు, ఆరు నెలల తర్వాత కొత్తగా చేరిన కుర్రవాడు ఆ యంత్రం ఎక్కుతాడు. స్విచ్చు లేదన్న సంగతి అతనికి తెలియదు.

స్కిడ్ స్టీర్ లోడరు నిర్మాణం తెలిసినవారికి దీని తీవ్రత అర్థమవుతుంది. చాలా మోడళ్లలో ఆపరేటరు ఎక్కేదీ దిగేదీ ముందువైపు నుంచే, బకెట్ మీదుగా, రెండు లిఫ్ట్ చేతుల మధ్య నుంచి. చేతులు పైకి ఉన్నప్పుడు అతను తల బయటపెట్టి చూస్తూ మోకాలో చెయ్యో లీవరుకు తగిలించాడంటే, ఎంతో బరువున్న ఆ లిఫ్ట్ చేతులు అతని మీదికే దిగుతాయి. బార్ పైకి లేపగానే చేతులను బిగించేసే ఏర్పాటు కేవలం ఈ ఒక్క క్షణం కోసమే పెట్టారు. అమెరికాలో కార్మికుల భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ ఈ యంత్రాల వల్ల జరిగే మరణాలపై 1998లోనే ప్రత్యేకంగా హెచ్చరిక పత్రం వెలువరించింది. సీటులో కూర్చుని మాత్రమే నడపాలని, సేఫ్టీ ఏర్పాట్లను తప్పించరాదని, ఎత్తిన చేతుల కింద ఆధారం పెట్టకుండా పని చేయరాదని అందులో చెప్పింది. ఆ హెచ్చరిక వచ్చి పాతికేళ్లు దాటిపోయింది. మన దగ్గర మాత్రం స్విచ్చు డైరెక్ట్ చేసి ఇవ్వగలిగినవాడే గొప్ప మెకానిక్ అన్న పేరు తెచ్చుకుంటున్నాడు. ఇది మా వృత్తికే తలవంపు అని నేను భావిస్తున్నాను. పాడైన స్విచ్చును పట్టుకోవడానికి కొన్ని క్షణాలు వైర్లు కలిపి పరీక్షించడం వేరు, అలాగే వదిలి బిల్లు రాసి పంపడం వేరు. మొదటిది పరీక్ష, రెండోది నేరం.

సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజిను అందుకోని సందర్భంలో చూడవలసింది సైలెన్సరు పొగ. పొగ అసలు లేదంటే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లడం లేదు. తెల్లటి పొగ వస్తూ అందుకోవడం లేదంటే డీజిల్ వెళ్తోంది కానీ మండడం లేదు. చల్లటి ఇంజినులో సిలిండరును వేడిచేసే హీటరు ప్లగ్గులు పనిచేయకపోవడమో, సెల్ఫ్ వేగం చాలకపోవడమో, కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే బలం) తగ్గడమో కారణం. కోస్తాలో హీటరు ప్లగ్గులు పోయినా ఏడాదిలో చాలాభాగం తెలియకుండా గడిచిపోతుంది కానీ, పాడేరు, అరకు వైపూ, ఆదిలాబాద్ వైపూ చలికాలం ఉదయాన్నే బయటపడుతుంది. పొగ లేని యంత్రంలో ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడాలని చెప్పడం చిన్నతనంగా అనిపించవచ్చు, అయితే గేజి ముల్లు నమ్మి రోజంతా పంపు చుట్టూ తిరిగినవారిని చూశాను. ఆ తర్వాత చూడవలసింది డీజిల్ సాలినాయిడ్, అంటే కరెంటుతో కడ్డీని లాగి డీజిల్ దారి తెరిచే పరికరం. పాతరకం ఇంజిన్లలో కీ ఆన్ చేయగానే పంపు పక్కన టిక్కుమని ఒక చప్పుడు వినబడాలి. దానిలో రెండు చుట్లు ఉంటాయి, కడ్డీని లోపలికి లాగేది ఒకటి, లాగాక పట్టి ఉంచేది ఇంకొకటి. లాగే చుట్టకు కరెంటు అందకపోతే పట్టి ఉంచే చుట్ట తనంతట తాను కడ్డీని కదపలేదు. కీ ఆన్‌లో ఉంచి చేత్తో కడ్డీని నెడితే అది అక్కడే నిలబడిందంటే, సాలినాయిడ్ బాగానే ఉంది, లాగే చుట్టకు కరెంటు తెచ్చే రిలేనో వైరో పోయింది. దానికి బదులు పంపు మొత్తం విప్పి ల్యాబుకు పంపే పని ఎంత ఖర్చుతో కూడినదో వేరే చెప్పనక్కరలేదు.

డీజిల్ లైనులో ఎయిర్ పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం, నీరు చేరడం మన దగ్గర అతి మామూలు. మూత సరిగా లేని కేన్లలో, వానలో నిలిపిన డ్రమ్ముల్లో డీజిల్ తెచ్చి పోసే పద్ధతి మారనంత కాలం ఇవి తప్పవు. ఫిల్టరు కింద నీరు వదిలే మర తిప్పి ఒక గ్లాసులోకి పట్టి చూస్తే అడుగున నీరు విడిగా కనబడుతుంది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టానికి సన్నటి పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పీలుస్తుంది. అందుకే రాత్రి ఆపిన బండి పొద్దున్నే మొరాయించి, హ్యాండ్ పంపు కొట్టగానే అందుకుంటుంది. ఇలా రోజూ చేస్తుంటే గొట్టం మార్చాలని గుర్తించాలి. పాత ఇంజిన్లలో ఇంజెక్టరు నట్టు వదులు చేసి ఎయిర్ తీసే అలవాటు మా వాళ్లందరికీ ఉంది. నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చాక కంప్యూటరుతో నడిచే కామన్ రైల్ ఇంజిన్లు పెరిగాయి. వాటిలో డీజిల్ పీడనం వెయ్యి బార్లు, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు, దాటుతుంది. అక్కడ పాత అలవాటు ప్రకారం నట్టు వదులు చేస్తే సూదిలా దూసుకొచ్చే డీజిల్ చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనబడినా లోపల కండ కుళ్లిపోతుంది. అలాంటిది జరిగితే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆ గంటలోనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. లీకు వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి. అలాగే హీటరు ప్లగ్గులున్న ఇంజినులోకి ఈథరు స్ప్రే (స్టార్ట్ కావడానికి కొట్టే, తేలికగా అంటుకునే ద్రవం) కొట్టడం పూర్తిగా మానుకోవాలి. వేడెక్కిన ప్లగ్గు దాన్ని పిస్టన్ పైకి రాకముందే ముట్టిస్తుంది, పగిలేది ఇంజినే కాదు.

వరదల సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగినప్పుడు వాహనాలు, యంత్రాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నీరు తీయగానే ఆత్రంగా సెల్ఫ్ కొట్టి చూడటం అందరూ చేసే పని. సిలిండరులో నీరుంటే అది నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మునిగిన యంత్రానికి ముందు బ్యాటరీ విప్పేయాలి, హీటరు ప్లగ్గులో ఇంజెక్టర్లో తీసి ఇంజినును చేత్తో తిప్పి నీటిని బయటికి పంపాలి, ఇంజిను ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, డీజిల్ అన్నీ మార్చాలి, ఆ తర్వాతే కీ ముట్టుకోవాలి. ఇలాంటి నాలుగు వాక్యాలు వరద తగ్గిన మరునాడు మీ పత్రికలో వస్తే ఎన్నో ఇంజిన్లు దక్కుతాయి.

చేతులు పైకి ఎత్తి ఉన్న స్థితిలో ఇంజిను ఆగి మళ్లీ స్టార్ట్ కాకపోతే ఆ చేతుల కిందికి ఎవరూ వెళ్లకూడదు. చాలా మోడళ్లలో ఇంజిను లేకుండానే చేతులను నెమ్మదిగా దించే మీట క్యాబిన్‌లో ఉంటుంది. అది ఎక్కడుందో ఆపరేటరుకు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చూపించాలి. దించడం కుదరకపోతే యంత్రంతో పాటు ఇచ్చే ఇనుప ఆధారాన్ని సిలిండరు రాడ్డుకు తొడిగాకే పని మొదలుపెట్టాలి. చెక్క దిమ్మెలు, ఇటుకలు దానికి బదులు కావు. ఆ ఆధారాన్ని పాత ఇనుముగా అమ్మేసుకున్న యజమానులను నేను ఎరుగుదును, వారికి నా విజ్ఞప్తి ఒక్కటే, దయచేసి మళ్లీ చేయించి పెట్టండి.

ఇంత వివరంగా రాసినది ఆపరేటర్లందరూ మెకానిక్కులు కావాలని కాదు. 'ఆపరేటరు బానెట్ ముట్టుకోకూడదు, కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగాలి' అని కొందరు అధికారులు అంటారు. పంపులు, ఇంజెక్టర్లు, కంప్యూటరు విషయంలో ఆ మాట సరైనదే. అయితే సెల్ఫ్ పలికిందో లేదో చెప్పడానికీ, మీటరు పెట్టి వోల్టులు చదవడానికీ, సీటు కింద మట్టి తుడవడానికీ, పొగ రంగు చూడటానికీ ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు. ఆ నాలుగు సంగతులు ఫోనులో చెప్పగలిగితే వచ్చే మెకానిక్ సరైన సామానుతో వస్తాడు, ఒక్క రోజులో పని అయిపోతుంది. చెప్పలేకపోతే అతను మొదటిసారి చూడటానికీ, రెండోసారి బాగుచేయడానికీ వస్తాడు, ఈలోగా వారం గడుస్తుంది. దాని ఖర్చు పట్టణ ప్రజల పన్నుల్లోంచే పోతుంది.

మునిసిపాలిటీలూ, మార్కెట్ యార్డులూ, రేవుల కాంట్రాక్టర్లూ ఈ యంత్రాలు కొనేటప్పుడు టెండరులో బకెట్ కొలత, హార్స్ పవరు రాస్తున్నారు. ఆపరేటరు పుస్తకం తెలుగులో ఇవ్వాలన్న షరతు, వైరింగ్ పటం ఇవ్వాలన్న షరతు, యంత్రం అప్పగించేటప్పుడు నడిపే మనిషికి స్టార్ట్ కాకపోతే ఏం చూడాలో నేర్పి సంతకం తీసుకోవాలన్న షరతు కూడా అందులో చేర్చాలని కోరుతున్నాను. ఇంగ్లిషులో ముద్రించిన పుస్తకం స్టోరు బీరువాలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండిపోతోంది, ఆపరేటరు దాన్ని కళ్లతో చూసి ఉండడు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిపాటు నేర్పుతున్నారు, అందులో చేరే మన పిల్లలకు సేఫ్టీ స్విచ్చుల వైరింగ్ మీద ఒక వారమైనా చేతితో చేయించి నేర్పితే, డైరెక్ట్ చేయడం తప్ప మరో దారి లేదన్న మాట వారి నోట రాదు.

ప్రతి యంత్రానికీ గంటల మీటరు రాసుకునే పుస్తకం ఎలాగూ ఉంటుంది. స్టార్ట్ కాని రోజున సెల్ఫ్ పలికిందా, ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎన్ని, పొగ ఏ రంగు అన్నవి అందులో ఒక వరుసలో రాయించాలి. ఈ వరుస లేకుండా ఏ లోడరునూ పనికిరానిదిగా తేల్చి వేలానికి పెట్టరాదని పురపాలక అధికారులు ఆదేశమివ్వాలి. అలాగే మరమ్మతు నుంచి తిరిగి వచ్చిన ప్రతి యంత్రాన్నీ అప్పగించుకునే ముందు, ఖాళీ స్థలంలో బకెట్ నేలకు ఆనించి, దగ్గర ఎవరూ లేకుండా చూసి, ఆపరేటరు సీటులోనే కూర్చుని సీట్ బార్ పైకి లేపి, చేతులూ చక్రాలూ లాక్ అవుతున్నాయో లేదో పరీక్షించాలి. లాక్ కాకపోతే ఆ బిల్లుకు డబ్బు చెల్లించకండి.

ఇట్లు,
ఒక ఎర్త్‌మూవర్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.